లంక తోట నుంచి నూనె డబ్బా దాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొబ్బరి నూనె గురించే. గోదావరి పాయల మధ్య లంకల్లో కాసే కాయ నూనెగా మారి అమ్ముడయ్యే లోపు ఎన్ని చేతులు మారుతుంది, ఎక్కడ ఎంత పోతుంది, లంక రైతుకు నాలుగు డబ్బులు మిగలాలంటే ఏం చేయాలి అని అడిగారు. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: వశిష్ఠ, వైనతేయ లంకల్లో చిన్న రైతుల కొబ్బరి నూనెగా ఎలా మారుతుందో, ఎవరికి ఎంత దక్కుతుందో మా ప్రాజెక్టులో పరిశీలిస్తున్నాం. ధర అడిగితే ఒకరు వెయ్యి కాయలకు చెబుతారు, ఒకరు క్వింటాలుకు, మరొకరు డబ్బాకు. ఏదీ దేనితోనూ పొసగడం లేదు. ఎలా పోల్చాలి?
— పీజీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: మీకు చిక్కుగా కనిపిస్తున్న చోటే అసలు విషయం ఉందమ్మా. లంక రైతు కాయలు లెక్కపెట్టి అమ్ముతాడు. నూనె మిల్లుకు చేరేసరికి ఎవరూ కాయలు లెక్కపెట్టరు. కాటా వేస్తారు, తేమ చూస్తారు. లెక్క నుంచి తూకానికి మారే ఆ మలుపులోనే రైతు డబ్బు జారిపోతుంది. మీ పరిశోధన అంతా ఆ మలుపు చుట్టూ నడవాలని మా అభిప్రాయం.

అంబాజీపేట మార్కెట్ ధరల పట్టికే చూడండి. కొత్త కొబ్బరి, అంటే నూనెకు వెళ్లే ఎండు కొబ్బరి, క్వింటాలుకు ఉంటుంది. కురిడీ కొబ్బరి, అంటే అటక మీద కాయలోనే ఎండిన గుండు కొబ్బరి, గండేరా, గటగట అని రెండు రకాలుగా వెయ్యికి ఉంటుంది. లోపల నీరున్న నీటికాయలో పాతది ముక్కుడు, కొత్తది పచ్చి, రెండూ వెయ్యికే. నూనె మాత్రం 15 కిలోల డబ్బాకు, విడిగా కిలోకు. వీటన్నిటినీ ఒకే కొలతలోకి, అంటే కిలో నూనెలోకి మార్చుకోండి. కురిడీ, నీటికాయ ఎక్కువగా నూనెకు వెళ్లవు, వాటి గిరాకీ పూజలకూ పండుగలకూ ముడిపడి ఉంటుంది. అయినా పట్టికలో ఉంచండి. కాయను ఎటు పంపాలా అని రైతు ఆలోచించేది వాటిని చూసే.

మార్చే లెక్క ఇది. మన తోటల్లో ఎక్కువగా ఉన్న తూర్పు కోస్తా పొడుగు రకం కాయకు సగటున 125 గ్రాముల ఎండు కొబ్బరి వస్తుంది. పశ్చిమ కోస్తా పొడుగు రకానికైతే 176 గ్రాములు. కేరళ పుస్తకాల్లోని అంకెలు తెచ్చి కోనసీమకు వేస్తే లెక్క తేలకపోవడానికి ఇదే కారణం. 1000 కాయలకు 125 కిలోల ఎండు కొబ్బరి. మిల్లులో అందులో 60 శాతం నూనెగా చేతికొస్తే 75 కిలోలు. అంటే వెయ్యి కాయలకు ఐదు డబ్బాలు, కాయకు 75 గ్రాములు. ఈ రెండు అంకెలు గుర్తుంటే ఏ ధరనైనా రేవులో నిలబడి నోటిలెక్కతో పోల్చుకోవచ్చు. వెయ్యి కాయలు 15,000 రూపాయలు అనుకుంటే, కిలో నూనెకు ముడిసరుకే 200 రూపాయలు పడుతుంది. అందులోంచి చిప్పల డబ్బు, నూనె తీశాక మిగిలే చెక్క డబ్బు తీసేయాలి, కూలీలూ మిల్లు ఆడింపు ఖర్చూ కలపాలి.

సగటుతో ఆగిపోకండి. ఇరియోఫిడ్ నల్లి పట్టిన తోటలో కాయ గిడసబారుతుంది. 1996 నవంబరు తుఫానులో పడిపోయాక మళ్లీ నాటిన చెట్టూ, దాన్ని తట్టుకుని నిలిచిన ముదురు చెట్టూ ఒకేలా కాయవు. అందుకే ప్రతి తోటలో రాశి పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి పదేసి చొప్పున 30 కాయలు తీయండి. వాటిని విడిగా ఒలిపించి, ఎండబెట్టించి తూకం వేయండి. 30 కాయలకు మూడు కిలోల ముప్పావు వస్తే సగటుకు సరిపోయినట్టు. మూడు కిలోలే వస్తే ఆ రైతు వెయ్యి కాయలు నాలుగు డబ్బాలకే సమానం. వ్యాపారి కళ్లతోనే పసిగట్టే తేడా అది.

ఆ తరువాత ఒక సరుకును పట్టుకుని చివరిదాకా వెంట నడవండి. ప్రశ్నావళి వంద మందికి పంచేకన్నా మూడు వందల కాయల వెంట నడిస్తే ఎక్కువ తెలుస్తుంది. డొక్క (పైపీచు) మీద రంగుతో గుర్తు పెడితే ఒలుపుతో పోతుంది. ఒలిచాక గోనె సంచికి రెండు చీటీలు పెట్టండి, ఒకటి మూతి దగ్గర, ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి లోపల. పైచీటీ పడవలో తడిసి అలుక్కుపోతుంది. చెట్టెక్కి కాయ దింపే దింపు కార్మికుడి నుంచి డబ్బా వ్యాపారి దాకా ప్రతి చోటా తేదీ, కాయలు లేదా తూకం, తేమ, ఇచ్చిన డబ్బు, ఆ డబ్బు ఎవరి జేబులోంచి వచ్చింది అన్న ఐదూ రాయండి. వెయ్యికి పైన కొసరు కాయలు లెక్కించకుండా ఇస్తున్నారేమో తప్పక అడగండి. ఆ కొసరు రేటులో కనిపించదు.

ఏటిగట్టు అవతలి రైతుకు ట్రాక్టరు తోటలోకే వస్తుంది. లంకలో సరుకు తోట నుంచి రేవుకు, రేవులో పడవకో పంటుకో, అవతలి గట్టుకు, అక్కడి నుంచి వ్యానుకు, ఇలా నాలుగుసార్లు ఎత్తి దించాలి. ఈ ఎక్కుడు దిగుడు కూలిని విడిగా రాయకపోతే లంకకూ గట్టు అవతలి ఊళ్లకూ ఉన్న ధర తేడా అంతా వ్యాపారి లాభంలా కనబడుతుంది. అలా రాసిన నివేదిక ఎవరికీ పనికిరాదు.

మరొకటి, అప్పు. చాలామంది చిన్న రైతులూ కౌలుదారులూ కాయ కొనే వ్యాపారి దగ్గరే ముందుగా డబ్బు తీసుకుంటారు. వడ్డీ ఉండదు, కానీ కాయకు రూపాయో అర్ధో తక్కువ కడతారు. 50,000 తీసుకున్న రైతు దింపుకు 1000 కాయల చొప్పున ఏడాదికి ఏడు దింపులు ఇస్తే, కాయకు రూపాయి తగ్గింపు అంటే 7,000 రూపాయలు. అంటే ఏడాదికి 14 శాతం వడ్డీ. దాన్ని బ్యాంకు వడ్డీతోనూ, బ్యాంకు కౌలుదారుకు అప్పిస్తుందా అన్న ప్రశ్నతోనూ కలిపి చూడండి. వ్యాపారిని తప్పించి మేలు చేద్దామని వచ్చినవాళ్లు ఆ 50,000 సంగతి మరిచిపోవడం వల్లే రైతులు మళ్లీ పాత గుమ్మానికే వెళతారు.

ఈ పని మార్చి-మే మధ్య ఒకసారి, వరదల రోజుల్లో, ఆగస్టు-సెప్టెంబరులో ఒకసారి చేయండి. ఎండల్లో ఒక్కసారే తిరిగి రాసిన లంక లెక్క సగం లెక్కే.

ప్రశ్న: నాది ఎకరంన్నర కౌలు తోట. దింపుకు వెయ్యి కాయలకు అటూ ఇటూగా వస్తాయి. పచ్చికాయగా ఇచ్చేయాలా, ఎండబెట్టి ఇవ్వాలా? మద్దతు ధర అంటారు, అది నా కాయకు ఎంతవుతుందో తెలియడం లేదు.
— కౌలురైతు, ఊడిమూడిలంక

జవాబు: ముందు మద్దతు ధర సంగతి. 2025 సీజనుకు నూనెకు వాడే ఎండు కొబ్బరికి కేంద్రం ప్రకటించింది క్వింటాలుకు 11,582 రూపాయలు, గుండు కొబ్బరికి 12,100. మీ వెయ్యి కాయలకు 125 కిలోలు వస్తాయనుకుంటే మొదటి ధర ప్రకారం 14,477 రూపాయలు. అందులోంచి ఒలుపు, పగలగొట్టి ఎండబెట్టే కూలి, పడవ ఖర్చు తీసేయండి. చిప్పలకు వచ్చే డబ్బు కలపండి. మిగిలిన అంకె కన్నా పచ్చికాయ ధర తక్కువగా ఉంటేనే ఎండబెట్టడం లాభం. బయటి మార్కెట్ మద్దతు ధర కన్నా పైన ఉన్నప్పుడు ఇదే లెక్క ఆనాటి కొత్త కొబ్బరి రేటుతో వేసుకోండి.

లంక రైతుకు ఎండబెట్టడంలో ఇంకో కలిసివచ్చే సంగతి ఉంది. వెయ్యి కాయలు డొక్కతో టన్నుకు అటూ ఇటూగా తూగుతాయి. అందులో మూడో వంతు డొక్కే. ఎండు కొబ్బరిగా అదే 125 కిలోలు, రెండు మూడు సంచులు. పడవ కూలి ఎంత తగ్గుతుందో మీకు మేం చెప్పనక్కర్లేదు. డొక్క, చిప్ప లంకలోనే ఉండిపోతాయి. ఒకటి చెట్ల పాదుల్లోకి, ఒకటి ఎండబెట్టే పొయ్యిలోకి పనికొస్తాయి.

ఎండబెట్టడంలో చెడేది మొదటి రోజే. పగలగొట్టినప్పుడు కొబ్బరిలో దాదాపు సగం నీరే. ఆ తడి మీద ఒక్క రాత్రి మూసిపెడితే జిగట పడుతుంది, తరువాత పసుపు, ఆకుపచ్చ బూజు వస్తుంది. ఆ ఆకుపచ్చ బూజే అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టించేది. కాబట్టి పొద్దున్నే ఎండ ఎక్కేముందు పగలగొట్టండి, నీరు వంచేయండి, కొబ్బరి వైపు పైకి ఉండేలా పరవండి. మట్టి మీద వద్దు, సిమెంటు కళ్ళమో, మంచెలాంటి తడికో, కనీసం శుభ్రమైన బరకమో కావాలి. రెండో రోజు సాయంత్రానికి కొబ్బరి చిప్పను వదులుతుంది, అప్పుడు ఊడదీసి మళ్లీ ఎండబెట్టాలి. మంచి ఎండలో మొత్తం ఆరేడు రోజులు పడుతుంది. రాత్రిళ్లు బరకం కప్పేటప్పుడు కింద గాలి ఆడేలా కర్రలు పెట్టండి. వేడి సరుకును గట్టిగా కప్పేస్తే చెమ్మ పట్టి తెల్లారేసరికి మెత్తబడుతుంది.

ఎండిందో లేదో ముక్క విరిచి చూడండి. టప్పున విరిగి, విరిగినచోట లోపలి దాకా ఒకే తెలుపు ఉంటే తేమ ఆరు శాతం దగ్గరికి వచ్చినట్టు. వంగి సాగితే ఇంకా ఉంది. మధ్యలో నీడలాంటి చార కనిపిస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉన్నట్టు. ఎంత ఎండబెట్టినా రబ్బరులా సాగే ముక్క లేత కాయది, అందులో నూనె తక్కువ. దింపులో పదకొండు నెలలు నిండని గెల కోయించకపోతే ఆ బాధ ఉండదు. దింపు తేదీ వ్యాపారి వీలును బట్టి కాక గెలను బట్టి నిర్ణయించుకోండి.

తరుగు లెక్క కూడా మీ దగ్గర ఉండాలి. క్వింటాలు సరుకు 10 శాతం తేమతో ఉంటే, ఆరు శాతానికి దిగేసరికి 95 కిలోల 700 గ్రాములవుతుంది. అంటే 4 కిలోల 300 గ్రాముల తరుగు న్యాయం. 12 శాతం తేమకు 6 కిలోల 400, 8 శాతానికి 2 కిలోల 100. ఇంతకు మించి తీస్తే ఎందుకని అడగండి. తేమ కొలిచే మీటరు ఊరికి ఒకటి ఉన్నా చాలు, నలుగురు రైతులు కలిసి కొనుక్కోదగినది.

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మాత్రం పొయ్యి డ్రయ్యరు లేకుండా ఎండబెట్టడానికి దిగకండి. పచ్చికాయగానే ఇవ్వండి. డ్రయ్యరంటే పొగ సరుకుకు తగలనిదై ఉండాలి. చిప్పల మంట ఇనుప గొట్టంలోనే ఉండి, దాని వేడి గాలి మాత్రమే పైన పరిచిన కొబ్బరికి తగలాలి. కాసరగోడ్ కేంద్ర తోట పంటల పరిశోధనా సంస్థ చిన్న రైతుల కోసం ఇలాంటి నమూనాలు రూపొందించింది, చిప్పలతో నడిచేవి. వేడి 60–70 డిగ్రీల మధ్య ఉంచండి. అంతకు మించితే కొబ్బరి గోధుమరంగుకు తిరిగి నూనె రంగు చెడుతుంది. నేరుగా పొగబెట్టిన కొబ్బరి ఎంత ఎండినా రెండో రకం కిందకే పోతుంది. పొగ వాసనే కాదు, పొగలోని హానికర పదార్థాలూ నూనెలోకి దిగుతాయి.

ప్రశ్న: మా డ్వాక్రా సంఘంలో పన్నెండు మందిమి. రోజుకు వంద కాయలతో పచ్చి కొబ్బరి పాల నుంచి వర్జిన్ నూనె తీసి అమ్మాలని ఉంది. రెండుసార్లు చేసి చూశాం. ఒకసారి నూనె విడలేదు, ఇంకోసారి వచ్చింది కానీ నెలకే పుల్లవాసన. ఎక్కడ తప్పు?
— సంఘ సభ్యురాలు, ముమ్మిడివరం మండలం

జవాబు: రెండు తప్పులూ తరచుగా జరిగేవేనమ్మా, రెండూ సరిదిద్దుకోవచ్చు. మొదట దిగుబడి గురించి తేటగా తెలుసుకోండి. మన కాయలో మొత్తం నూనే 80 గ్రాములు. వంద కాయల్లో ఉన్నది 8 కిలోలు. పాల పద్ధతిలో అదంతా రాదు. ఆరు కిలోలు వస్తే పని బాగా కుదిరినట్టు. ఐదుకు తగ్గితే పాలు పిండడం దగ్గరే లోపం ఉంది. పది కాయలకు లీటరు నూనె అని ఎవరైనా చెబితే అది పెద్ద కాయల మాట. మీకు లీటరుకు పదిహేను కాయలు పడతాయని ధర కట్టుకోండి.

ముదురు కాయ, ఒలిచి వారానికి మించనిది తీసుకోండి. లోపల పువ్వు కట్టిన కాయ పక్కన పెట్టండి, మొలక కోసం కొబ్బరిలోని నూనె ఖర్చయిపోతుంది. కోరిన గంటలోపే పాలు తీయాలి. కోరుకు దాని బరువులో సగం గోరువెచ్చని నీరు, కాచి చల్లార్చినదే, కలిపి పిండండి. రెండోసారి అందులో సగం నీటితో పిండండి. పలుచని గుడ్డలో రెండుసార్లు వడగట్టండి. స్టీలు పాత్రలో కానీ, లోపలి పొరలు కనిపించే ఆహారపు ప్లాస్టిక్ డబ్బాలో కానీ మూతపెట్టి కదపకుండా 14 నుంచి 18 గంటలు ఉంచండి.

నూనె విడకపోవడానికి ముఖ్య కారణం చలి. ఈ పులియబెట్టే పనికి 35–40 డిగ్రీల వేడి కావాలి. డిసెంబరు, జనవరి రాత్రిళ్లు మన దగ్గర అంత ఉండదు. పాత్రను గోరువెచ్చని నీళ్ల తొట్టిలో నిలపండి, లేదా చిన్న గదిలో బల్బు వేడితో ఉంచండి. మరో కారణం నీరు ఎక్కువ పోయడం. మూడో కారణం క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీరు, పులియబెట్టే సూక్ష్మజీవులను అదే చంపేస్తుంది.

సరిగ్గా విడితే పొరలు తెలుస్తాయి. పైన పలుచని పెరుగులాంటి తెట్టు, దాని కింద తేటనూనె, తరువాత మందపు పెరుగు పొర, అడుగున పుల్లని నీరు. పైతెట్టు తీసేసి నూనెను గరిటెతో నిదానంగా తోడండి. మధ్య పొరకు గరిటె తగిలిందంటే ఆ తెలుపు నూనెలోకి వస్తుంది, పుల్లవాసన అక్కడి నుంచే మొదలవుతుంది. చివరి పావు లీటరు కోసం ఆశపడి మొత్తం చెడగొట్టుకోవద్దు. దాన్ని విడిగా తీసి కాచి వంటకు వాడుకోండి.

మీ రెండో తప్పుకు కారణం తేమ. పులియబెట్టిన నూనెలో కంటికి కనిపించని నీరు ఉంటుంది. అది కొవ్వును విడగొట్టి ఆమ్లాలుగా మారుస్తుంది, వాసన అందువల్లే. నూనెను 60 డిగ్రీల లోపు వేడిలో, వెడల్పు పాత్రలో, అప్పుడప్పుడు కదుపుతూ ఆరబెట్టండి. ఒక చెంచా నూనె తీసి స్టౌ మీద వేడిచేస్తే చిటపట శబ్దం రాకూడదు, వస్తే ఇంకా నీరుంది. తరువాత దూదిలో వడగట్టి, వారం రోజులు కదపకుండా నిలవ ఉంచి, అడుగు వదిలేసి సీసాల్లో నింపండి. సీసాలు కడిగి బోర్లించడం చాలదు, ఎండలో పూర్తిగా ఆరాలి. తడి సీసా ఒక్కటి చాలు, మీ మీద నమ్మకం పోవడానికి.

అంతర్జాతీయ కొబ్బరి సంఘం ప్రమాణం ప్రకారం వర్జిన్ నూనెలో తేమ 0.1 శాతం, స్వేచ్ఛా ఆమ్లాలు 0.2 శాతం, నూనె ఎంత పాడైందో చెప్పే పెరాక్సైడ్ విలువ 3 దాటకూడదు. మొదటి మూడు బ్యాచ్‌లు ప్రయోగశాలకు పంపండి. ఆ పైన మూడు నెలలకోసారి చాలు. ఆ ఆమ్లాలనే వేరే కొలతలో చెప్పే ఆమ్ల విలువ మీరే చూసుకోవచ్చు. 10 గ్రాముల నూనెను తటస్థం చేసిన ఆల్కహాలులో కలిపి, ఫినాఫ్తలీన్ చుక్క వేసి, 0.1 నార్మాలిటీ పొటాషియం హైడ్రాక్సైడ్ ఎన్ని మిల్లీలీటర్లు పోస్తే గులాబీ రంగు నిలుస్తుందో చూసి, దాన్ని 0.56తో గుణించండి. ఊళ్లోని హైస్కూలు సైన్సు మాస్టారు ఒకసారి చేసి చూపిస్తే వచ్చేస్తుంది. మామూలు కొబ్బరి నూనెకు ఆహార భద్రత చట్టం ఆమ్ల విలువ 6 దాకా ఒప్పుకుంటుంది. మీ వర్జిన్ నూనె 0.6 లోపు ఉండాలి.

పిండిన పిప్పి పారేయకండి, అందులో ఇంకా నూనె ఉంది. ఆ రోజే ఎండబెట్టి, నిలవచేసి మిల్లుకు పంపితే చెక్కతోపాటు మామూలు నూనె కొంత వస్తుంది. ఒక రాత్రి తడిగా ఉంచితే మాత్రం పశువులు కూడా ముట్టవు.

అమ్మేముందు ఆహార భద్రత సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి. సీసా మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, పరిమాణం, ధర, చిరునామా ఉండాలి. తలనూనె అని రాయకండి. అలా రాస్తే అది సౌందర్య సాధనం కిందికి పోతుంది, దానికి వేరే లైసెన్సు కావాలి. చిన్న సీసాల్లో ఉన్నంత మాత్రాన కొబ్బరి నూనె తలనూనె అయిపోదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని నిర్ణయించేది దాని మీద మీరు ఏమని రాసి అమ్ముతున్నారన్నదే.

ప్రశ్న: లంక రైతుల నూనె అని చెప్పి అమ్మాలనుకుంటున్నాను. నిజంగా అక్కడిదేనని, కల్తీ లేదని ఎలా నిర్ధారించుకోవాలి? ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడితే చాలంటారు.
— దుకాణదారు, హైదరాబాదు

జవాబు: ఫ్రిజ్ పరీక్షను నమ్మకండి. కొబ్బరి నూనె 24–25 డిగ్రీలకే గడ్డకడుతుంది. ఫ్రిజ్‌లో అయిదారు డిగ్రీలకు పామోలిన్ లాంటి నూనెలూ గడ్డకడతాయి. ప్రయోగశాలలో అయోడిన్ విలువ అడగండి. కొబ్బరి నూనెకు అది 7.5 నుంచి 10. పామోలిన్‌కు 54 పైన. పది శాతం పామోలిన్ కలిపినా విలువ 12 దాటుతుంది, దొరికిపోతుంది. కష్టమైంది పామ్ కెర్నెల్ నూనె. దాని విలువ 14 నుంచి 21. పది శాతం కలిపినా మొత్తం తొమ్మిదిన్నర దగ్గరే ఉండి పరీక్షలో నెగ్గవచ్చు. అందుకే పెద్ద కొనుగోలుకు కొవ్వు ఆమ్లాల విశ్లేషణ కూడా చేయించండి. అందులో కాప్రిలిక్ ఆమ్లం కొబ్బరిలో 4.6 నుంచి 10 శాతం దాకా ఉంటుంది, పామ్ కెర్నెల్‌లో 2.4 నుంచి 6.2. 4.6కు తగ్గిందంటే అనుమానించాలి. 2018లో కేరళ ఆహార భద్రత శాఖ ఒకేసారి 45 బ్రాండ్ల కొబ్బరి నూనెను నిషేధించింది. ఈ జాగ్రత్త మితిమీరినదేమీ కాదు.

ఊరు నిర్ధారించుకోవడం మాత్రం ప్రయోగశాల పని కాదు, కాగితం పని. ఏ పరీక్షా లంక కాయనూ గట్టు మీది కాయనూ వేరుచేయలేదు. మీరు అడగవలసింది మూడు చీటీలు: రైతు దగ్గర కొన్న రోజు కాయల లెక్క, మిల్లులో ఆడించిన ఎండు కొబ్బరి తూకం, వచ్చిన నూనె, చెక్క తూకం. వాటిని ఒకదానితో ఒకటి సరిచూడండి. 8,000 కాయలకు 1000 కిలోల ఎండు కొబ్బరి, 600 కిలోల నూనె రావాలి. 8,000 కాయల చీటీ చూపించి 900 కిలోల నూనె పంపితే బయటి సరుకు కలిసినట్టే. మిల్లులో ముందు రోజు వేరేవాళ్ల సరుకు ఆడితే దాని తాలూకు నూనె, చెక్క నూనె ఆడే యంత్రంలో (ఎక్స్‌పెల్లర్‌లో) మిగిలి ఉంటుంది. మొదట వచ్చే ఒక డబ్బాను విడిగా తీయించి మామూలు నూనెగా అమ్మేయమని చెప్పండి.

ఇంకోమాట. లంక పేరు చెప్పి మీరు కిలోకు ఎక్కువ తీసుకుంటే, అందులో కాయకు ఎంత వెనక్కి వెళుతుందో మీ దుకాణంలో రాసి పెట్టండి. కిలోకు 40 రూపాయలు ఎక్కువ తీసుకుని రైతుకు కాయకు రూపాయి ఎక్కువ ఇస్తే, పదమూడు కాయల లెక్కన 13 రూపాయలు ఇచ్చినట్టు. మిగిలిన 27 ఎక్కడికి వెళ్లిందో చెప్పగలగాలి. నిజంగా రవాణాకూ ప్యాకింగుకూ పోయి ఉండవచ్చు. చెప్పడంలో తప్పు లేదు, దాచడమే తప్పు.

ప్రశ్న: పసిఫిక్ దీవుల్లో చిన్న రైతులు ఊళ్లోనే నూనె తీసి నేరుగా విదేశాలకు పంపుతున్నారని చదివాను. మన లంకలకు అది సరిపోతుందా? ఎగుమతి అంకెలు ఎక్కడ చూడాలి?
— పాఠకుడు, రాజోలు

జవాబు: సాలమన్ దీవుల్లోనూ ఆ చుట్టుపక్కలా వాడుతున్న పద్ధతికి డైరెక్ట్ మైక్రో ఎక్స్‌పెల్లింగ్ అని పేరు. ఆస్ట్రేలియాకు చెందిన డాన్ ఈథరింగ్టన్ రూపొందించారు. కోరిన కొబ్బరిని డొక్క, చిప్పల మంటతో వేడెక్కిన రేకు మీద తిప్పుతూ ఆరబెడతారు, స్టీలు గొట్టంలో కూరి చేతి ప్రెస్‌తో నొక్కుతారు. కాయ పగలగొట్టిన గంటకల్లా నూనె వస్తుంది. ఇందులో కీలకం కోరులో తేమ 10–12 శాతం దగ్గర ఆపడం. ఇంకా తడిగా ఉంటే నూనెకు బదులు పాలు వస్తాయి, మరీ ఎండితే నూనె దిగదు. సమోవాలో విమెన్ ఇన్ బిజినెస్ డెవలప్‌మెంట్ అనే సంస్థ గ్రామాల తోటలకు సేంద్రియ ధ్రువీకరణ చేయించి సౌందర్య సాధనాల సంస్థ ది బాడీ షాప్‌కు నూనె అందించింది.

ఆ దీవులకు ఆ పద్ధతి ఎందుకు అవసరమైందో చూడాలి. అక్కడ ఓడ వారాల తరబడి రాదు. ఎండు కొబ్బరి ఎదురుచూస్తూ బూజు పట్టిపోతుంది, నూనె అయితే నిలవ ఉంటుంది. మన దేశంలో లక్షద్వీప్ పరిస్థితి అలాంటిది. అక్కడి సరుకు బేపూరుకో మంగళూరుకో ఓడలో వెళ్లాలి, వర్షాకాలంలో సముద్రం ఒప్పుకోదు. మన లంకకు అంబాజీపేట పడవ దాటితే గంట దూరం. ఏడాదిలో ఎక్కువ కాలం ఊళ్లోనే నూనె తీయాల్సిన అవసరం మనకు లేదు, ఊళ్లోనే బాగా ఎండబెడితే చాలు. చేతి ప్రెస్ మనకు పనికొచ్చేది వరద నెలల్లో, కాజ్‌వేలు మునిగినప్పుడు. వాళ్ల నుంచి మనం తప్పక తెచ్చుకోవలసింది యంత్రం కాదు, ప్రతి డబ్బా మీదా ఊరి పేరు, తేదీ, తీసినవారి గుర్తు రాసే అలవాటు.

అంకెల విషయంలో ఒక పొరపాటు జాగ్రత్త. కస్టమ్స్ కోడ్ 1513 అన్నది ఒక్క కొబ్బరి నూనెది కాదు, పామ్ కెర్నెల్, బబాసు నూనెలూ అందులోనే ఉంటాయి. ఆరంకెల దాకా వెళ్లండి: ముడి కొబ్బరి నూనెకు 151311, శుద్ధి చేసినదానికి 151319. ఎండు కొబ్బరికి 1203. ప్రపంచ ఎగుమతిలో ముందుండేవి ఫిలిప్పీన్స్, ఇండోనేషియా. మన దేశంలో నూనె ధరను కదిపేవి తమిళనాడులోని కాంగేయం, కేరళలోని కొచ్చి మార్కెట్లు. గుండు కొబ్బరికి కర్ణాటకలోని తిప్టూరు. అంబాజీపేట రేటు రాసుకునేవాళ్లు అదే రోజు కాంగేయం రేటు పక్కన రాసుకుంటే, పెరుగుదల ఇక్కడికి ఎన్ని రోజులకు చేరుతోందో రెండు నెలల్లో తెలుస్తుంది.

ప్రశ్న: సంక్రాంతి రోజుల్లో నూనె గడ్డకట్టి లీటరు కొలత సరిపోవడం లేదు.
— పాఠకురాలు, యానాం

జవాబు: తూకంతో నింపండి. 30 డిగ్రీల దగ్గర లీటరు నూనె దాదాపు 915 గ్రాములు, 15 కిలోల డబ్బా 16 లీటర్ల 400 మిల్లీలీటర్లు. గడ్డకట్టిన డబ్బాను మంట మీద పెట్టకండి, గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టండి.

ప్రశ్న: జూలైలో వరద హెచ్చరిక రాగానే చేతిలో ఉన్న ఎండు కొబ్బరిని ఏం చేయాలి? తొందరలో అమ్మితే ధర రాదు.
— రైతు, గురజాపులంక

జవాబు: అమ్మకండి, దాటించండి. జూన్ రెండో వారానికల్లా గట్టు మీద బంధువుల ఇంట్లోనో సంఘం షెడ్డులోనో చోటు మాట్లాడి ఉంచుకోండి. హెచ్చరిక వచ్చాక పడవలు మనుషులకూ పశువులకూ కావాలి, సంచులకు దొరకవు. ఆరు శాతం తేమకు ఎండినదాన్నే తరలించండి, అరకొర ఎండినది మిగతావాటినీ పాడుచేస్తుంది. గోనె సంచి లోపల ప్లాస్టిక్ సంచి వేసి మూతి బిగించండి. నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకు జానెడు ఎడంగా, ఐదు వరసలకు మించకుండా పేర్చండి. పదిహేను రోజులకోసారి మధ్య సంచి విప్పి చేయి లోపలికి పెట్టి చూడండి. వేడిగా తగిలితే ఆ రోజే పరిచి ఎండబెట్టాలి. అటక మీద కురిడీకి పెట్టిన కాయను కదపనక్కర్లేదు, నీరు అటక దాకా రాని ఇల్లయితే. డొక్క తడిసిన కాయ మాత్రం మళ్లీ కురిడీకి పనికిరాదు, వరద తీసిన వెంటనే పగలగొట్టి ఎండకో డ్రయ్యరుకో వేయండి.